ఉప్పు రంగు

టేబుల్ క్లాత్ పసుపెక్కిందనీ, మనిషిని భోజనానికి పిలిచిన రోజున ఇలాంటిది పరుస్తారా అనీ మా ఆయన ఓటా పదకొండింటికి మొదలుపెట్టాడు. నిన్ననే ఉతికి, నిమ్మచెట్టు పక్కన తీగ మీద ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి, మూలన అమ్మ ఎర్రదారంతో కుట్టిన నా పొడి అక్షరాలు నా కుర్చీ వైపు వచ్చేలా పరిచిన గుడ్డ అది. తెల్లగా ఉంది అన్నాను. పసుపు అన్నాడు. సరిగ్గా చూడు అన్నాను. "నలభై ఏళ్లు తెలుపంటే ఏమిటో చెప్పి బతికినవాణ్ణి. నాకు నేర్పకు, లీబా." నా చేతులకి పిండి అంటుకుని ఉంది, పొయ్యి మీద మాంసం ఉడుకుతోంది, ఇంకో గంటలో మనుషులు వస్తారు, ఇంకో గుడ్డ తీసి ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా నిలబడే ఓపిక నాలో లేదు. "అలాగైతే ఉప్పు కూడా పసుపే అంటావేమో" అన్నాను, వెటకారానికే. అతను కుర్చీ వీపు మీద చెయ్యి ఆనించి గుడ్డ వంకే కాసేపు చూసి, పెరటి తలుపు తీసుకుని వెళ్లిపోయాడు. తలుపు దబాలున వెయ్యలేదు. వేసి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

పిండి ఇంకా జిగటగానే ఉంది. ఇంకో పిడికెడు చల్లి మళ్లీ పిసుకుతున్నాను. ఆదివారం మధ్యాహ్నం ఈ ఇంట్లో ఒకటే వంట. ముందు నూడుల్స్ వేసిన సూపు, తర్వాత మీగడ పులుసులో మాంసం, దాంతో మా దేశపు పిండిముద్దలు, క్నెద్లీకి. పిండిని పొడుగ్గా రోకలిలా చుట్టి, నీళ్లలో ఉడికించి, దారంతో ముక్కలు కొయ్యాలి, కత్తి తగిలితే లోపలి గాలి పోయి చెక్కలా అవుతాయి. హాలీవుడ్ పక్కన ఈ బర్బాంక్‌లో బయట తారు మెత్తబడుతున్నా సరే, ఇదే వంట. నలభై రెండేళ్లుగా ఇక్కడి ఎండకీ నా వంటకీ రాజీ కుదరలేదు. మా అమ్మాయి యిత్కా పాసడీనా నుంచి వస్తుంది, వంటింట్లో ఈ ఆవిరేమిటమ్మా అంటుంది, రెండోసారి వడ్డించుకుంటుంది. ఇవాళ లొరేన్ కూడా వస్తోంది, ఓటా ఎప్పుడో కెమెరామన్‌గా తీసిన సినిమాకి స్టూడియో కోసం మళ్లీ రంగులు సరిచేస్తున్న మనిషి. కవర్లో కాగితం తెస్తుంది. ఆ కాగితంలో ఒకటే వాక్యం ఉందట, సినిమాకి ఇప్పుడు వేసిన రంగులు నేననుకున్న రంగులే అని. దాని కింద ఒక గీత, గీత కింద ఓటా పేరు. సూపు తర్వాత సంతకం పెడతానన్నాడు. మంగళవారం నుంచి కొత్త ప్రతులు తీస్తారు. పాత ప్రింట్లన్నీ ఎప్పుడో వెలిసి గులాబీ రంగుకి తిరిగాయి, నెగెటివ్‌ని మళ్లీ ఎవరూ బయటికి తియ్యరు. ఇక ముందు ఎవరు చూసినా ఆ కాగితం ఒప్పుకున్న సినిమానే చూస్తారు. ఆ రంగులు తప్పు. గురువారం చూసినప్పుడు నాకు అనుమానం ఉండేది. ఇవాళ పదకొండింటికి అనుమానం పోయింది.

గురువారం అతన్ని తీసుకెళ్లింది నేనే. వసంతం నుంచి కారు తియ్యడం లేదు, ఎదురొచ్చే కార్ల అద్దాల మీద ఎండ పడితే కళ్లు మూసుకుంటున్నాడు. ఆ రంగుల గదిలో నన్ను వెనక సోఫాలో కూర్చోబెట్టి, చల్లగా ఉంటుందని లొరేన్ తన శాలువా ఇచ్చింది. యాభై దాటిన మనిషి, ముక్కు చివర కళ్లజోడు, పళ్ల మధ్య ఎప్పుడూ దాల్చిన చెక్క వాసన వేసే చూయింగ్ గమ్. ఆమె ముందు బల్ల మీద మూడు బంతులు ఉంటాయి, వాటిని అరచేత్తో దొర్లిస్తే తెర మీద రంగు మారుతుంది. నాకది పిండి పనిలా అనిపించింది. మొదటి రీలు మొదట్లో నా ముఖం వచ్చింది. నాలుగు సెకన్లు. ప్రతి రీలు మొదట్లోనూ ఉంటుంది. అప్పట్లో మనిషి చర్మం ఏ రంగులో రావాలో ల్యాబ్ వాళ్లకి తెలియడానికి రీలు ముందర ఒక ఆడమనిషి ముఖం అతికించేవాళ్లు. ప్రతి ల్యాబ్‌కీ ఒక ముఖం ఉండేది. ఆ ముఖం ఓటాకి నచ్చలేదు, మరీ గులాబీ అన్నాడు, ఇంట్లో ఉన్న నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టాడు. మంగలి షాపులో కప్పినట్టు అమ్మ ఇచ్చిన టేబుల్ క్లాత్ భుజాల చుట్టూ కప్పి, గడ్డం కింద బూడిదరంగు అట్ట పట్టుకోమన్నాడు. ఊపిరి బిగపట్టకు, నవ్వకు, దిగులుగానూ ఉండకు అన్నాడు. మరెలా ఉండను అన్నాను. బస్సు కోసం చూస్తున్నట్టు ఉండు అన్నాడు.

తెర మీద ముప్ఫై నాలుగేళ్ల నేను బస్సు కోసం చూస్తూ ఉన్నాను. లొరేన్ బంతి ఆపి, "ఇది మీరా?" అని వెనక్కి తిరిగింది. నేను జవాబు చెప్పేలోపు ఓటా, లీబాయే, అక్కడ ఆగకు, ముందుకి పోనీ అన్నాడు. ముఖం దగ్గర ఒకసారి సరిచేసుకుని పోదామా అని లొరేన్ అడిగింది. ఎవరైనా అక్కడే మొదలుపెడతారు, ఓటా అయితే మరీను, ఆ నాలుగు సెకన్లు కుదిరేదాకా పూర్వం ల్యాబ్ వాళ్లని ఇంటికి వెళ్లనిచ్చేవాడు కాదు. "అక్కర్లేదు. నా కళ్లున్నాయిగా." అలా ముందుకి పోయారు. నీలం కొంచెం అన్నాడు. ఇంకొంచెం అన్నాడు. పొలాల మీద మంచు నీలమైంది, గుర్రాల చెమట నీలమైంది, చక్కెరదుంపలు తవ్వే ఆడవాళ్ల ముఖాలు ఫ్రిజ్‌లోంచి తీసినట్టు అయ్యాయి. ఇప్పుడు బాగుంది అన్నాడు. చీకట్లో లొరేన్ వెనక్కి తిరిగి నన్ను చూసింది. నేను శాలువా అంచు చూసుకున్నాను. తర్వాత నడవలో, ఓటా బాత్‌రూమ్‌కి వెళ్లినప్పుడు, మీకెలా అనిపించింది అని అడిగింది. ఆయనకే తెలియాలి అన్నాను. ఆమె కాసేపు గమ్ నమిలి, "ఈ గదిలో కెమెరామన్ మాటే మాట. ఇరవై ఆరేళ్లుగా నా పని అదే" అంది. ఇద్దరం నీళ్లు తాగాం, దాహం లేకపోయినా.

నీళ్లు మరుగుతున్నాయి. చుట్టిన పిండిని రెండు చేతులతో ఎత్తి దించాను, ఉప్పు వేశానా లేదా అని ఒక క్షణం గుర్తు రాలేదు. వేశాను. మూత పెట్టాను. ఇక ఇరవై నిమిషాలు మూత తియ్యకూడదు, చల్లగాలి తగిలితే అణిగిపోతాయి. మే నెలలో కళ్ల డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పింది. రెండు కళ్లలోనూ శుక్లం ముదిరింది, ముదిరినకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది, ఆయనకి లోకమంతా పలచటి టీ లోంచి చూసినట్టు ఉంటుంది, ఆయన మాత్రం అలవాటు పడిపోయి తెలుసుకోరు. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చింది. ఓటా రెండుసార్లు వాయిదా వేశాడు. మసకే కదా అన్నాడు. "మసక సంగతి చూసుకోవడానికి నాకు జీవితమంతా ఒక మనిషి ఉండేవాడు. రంగు నేను చూసుకునేవాణ్ణి, ఫోకస్ వాడు చూసుకునేవాడు. ఇప్పుడు వాణ్ణి పెట్టుకోలేకపోతున్నాను, అంతే." డాక్టరు నవ్వింది. నేనూ నవ్వాను. రంగు గురించి ఆమె నాతో చెప్పింది నేను అతనితో చెప్పలేదు. ఆ చీటీ ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది, వచ్చే నెల పన్నెండు. మంగళవారానికీ వచ్చే నెల పన్నెండుకీ మధ్య నాలుగు వారాలు. స్టూడియో వాళ్లు నాలుగు వారాలు ఆగరు. డెబ్బై ఎనిమిదేళ్ల వాడికోసం వాళ్లు ఇప్పటిదాకా ఆగిందే ఎక్కువ.

చెప్పొచ్చు. ఇప్పుడే తలుపు తీసి, నాలుగు మెట్లు దిగి, ఓటా, నీ కళ్లు పసుపెక్కాయి, గుడ్డ కాదు అనొచ్చు. ఒక్క ముక్క. కానీ ఒకసారి చెప్పాను నేను. అప్పుడు పొరబడింది నేనే. ఆస్పత్రి సినిమా తీస్తున్న రోజుల్లో, అప్పటికి అతని పేరు చెబితే కుర్రకారు కెమెరామన్‌లు లేచి నిలబడేవాళ్లు, ప్రివ్యూ చూసి కార్లో వస్తూ అన్నాను, ముఖాలు ఆకుపచ్చగా జబ్బుగా ఉన్నాయి, ఎవరికీ నచ్చవు అని. అతను సిగ్నల్ దగ్గర కారు ఆపి, "నువ్వు సూపు చూసుకో, లీబా" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ సినిమాకి బహుమతి వచ్చింది. తర్వాత పదేళ్లు ఈ ఊళ్లో ఎవరు ఆస్పత్రి చూపించినా గోడలూ నర్సులూ ఆకుపచ్చే. నేను సూపు చూసుకున్నాను. గురువారం ఆ సోఫాలో కూర్చున్నప్పుడు నా నోరు కట్టేసింది ఆ ఆకుపచ్చే. నీలం కావాలనే పెట్టాడేమో, పదేళ్ల తర్వాత అందరూ నీలం పెడతారేమో, నాకు తెలిసిందేమిటి, మా దేశంలో బ్ర్నోలో మూడేళ్లు వృక్షశాస్త్రం చదివి ఎండిన ఆకుల రంగులు పుస్తకంలో రాసుకున్న మనిషిని. అలా అనుకుని మూడు రాత్రులు నిద్రపోయాను. ఇవాళ గుడ్డ పసుపు అన్నాడు, కళ్లలోని ఆ పసుపుని విరవడానికే గురువారం అంత నీలం పెట్టించాడని తెలిసింది.

తలుపు చప్పుడైంది. ఓటా లోపలికొచ్చాడు, నా వైపు చూడలేదు. అలమర తీసి ఉప్పు సీసా తీసుకున్నాడు. ఫ్రిజ్ తీసి ఒక గుడ్డు తీసుకున్నాడు. ఫోన్ కింద సొరుగులోంచి ఒక తెల్లకాగితం. ఏంటది అన్నాను. ఏం లేదు, నీ గిన్నె చూసుకో అన్నాడు, మళ్లీ వెళ్లిపోయాడు. గిన్నెలో చూడటానికి ఏముంది, మూత ఉంది. కిటికీ తెర కొంచెం జరిపాను. నిమ్మచెట్టు కింద బెంచీ మీద కూర్చుని, మోకాళ్ల మీద కాగితం పరిచి, దాని మీద గుడ్డు పెట్టి, పక్కన ఉప్పు కుప్పగా పోసుకున్నాడు. ఒక కన్ను మూసి చూశాడు. ఆ కన్ను తెరిచి రెండోది మూశాడు. టోపీ తీసేశాడు. కాగితాన్ని నీడలోంచి ఎండలోకి జరిపాడు. షూటింగ్‌లో మెడలో నల్లటి అద్దం వేలాడేసుకునేవాడు, వెలుగునీడలు అంచనా కట్టడానికి దాన్ని కంటికి పెట్టుకుని మేఘాల్ని చూసేవాడు, ఆ చెయ్యి ఇప్పుడు అలవాటుగా గుండెల మీదకి పోయి, అక్కడేమీ లేక చొక్కా గుండీ పట్టుకుంది. నాకు వెళ్లి పక్కన కూర్చోవాలని ఉంది. ఇంకా పన్నెండు నిమిషాలు ఉడకాలి, మూత దగ్గర మనిషి ఉండాలి. నిజానికి అక్కర్లేదు. స్టూలు లాక్కుని పొయ్యి దగ్గర కూర్చున్నాను.

ఆ సినిమాకి పేరు తెచ్చిన పాల వెలుగు పుట్టింది మా స్నానాల గదిలో. ఈ ఇల్లు కాదు, నార్త్ హాలీవుడ్‌లో రెండో అంతస్తులో రెండు గదులు. పగలు ఒక ఫోటో స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు కడిగేవాడు, సెలవు రోజుల్లో పది రోజుల్లో తీసి పారేసే మోటారుసైకిళ్ల సినిమాలకి కెమెరా పట్టేవాడు. యూనియన్ కార్డు లేదు కాబట్టి పేరు వేసేవాళ్లు కాదు, వేసినా ఓటో అని వేసేవాళ్లు. ఆ సినిమాల్లో ఎప్పుడూ ఎండే, దుమ్ము మీద ఎండ, ఇనుము మీద ఎండ. ఇక్కడ నీడలకి అంచులు కత్తుల్లా ఉంటాయి, లీబా, మనుషులు అట్టముక్కల్లా కనిపిస్తారు అని రాత్రి అన్నం దగ్గర విసుక్కునేవాడు. చక్కెరదుంపల సినిమా చేతికొచ్చినప్పుడు అతను చేసిన పని ఎవరూ చెయ్యకూడనిది. షూటింగ్‌కి ముందే పచ్చి ఫిల్ముకి కాస్త వెలుతురు చూపించాడు. కాఫీలో రెండు చుక్కల పాలు, అంతే అన్నాడు. ప్రయోగాలన్నీ స్నానాల గదిలో. తలుపు కింద దుప్పట్లు కుక్కి, చీకట్లో అతను దీపం పట్టుకుంటే, బయట నిలబడి సెకన్లు నేను లెక్కపెట్టాను. యిత్కా నా భుజం మీద. యిత్కా ఏడిస్తే లెక్క తప్పేది, ఆ ముక్క పారేసి మళ్లీ మొదటినుంచి. ఏడు అన్నాను, ఎనిమిది అన్నాను, మా భాషలోనే. ఒక్కోసారి అరసెకను ఎక్కువ తీసుకున్నానేమో, నాకు తెలియదు, ఏ ముక్క బాగా వచ్చిందో దాన్నిబట్టే కొలత పెట్టుకున్నాడు.

మొదటి వారం తీసింది ల్యాబ్‌కి వెళ్లగానే స్టూడియో నుంచి ఫోను వచ్చింది. ఫిల్ము చెడిపోయింది, పొగ పట్టింది, కెమెరామన్‌ని మారుస్తున్నాం అన్నారు. అతని ఇంగ్లీషు అప్పుడు అంతంతమాత్రం, ఫోను నా చేతికిచ్చాడు, నేనే విని నేనే చెప్పాను. సాయంత్రం ఒక చిన్న ముక్క ఇంటికి తెచ్చి గోడ మీద వేసి చూపించాడు. పొలం, పొగమంచు, గోనెసంచి కప్పుకున్న ఒక ముసలావిడ. నలుపు నలుపుగా లేదు, తెలుపు తెలుపుగా లేదు, అన్నిటి మీదా ఏదో సన్నటి ఆవిరి. నీకెలా కనిపిస్తోంది, లీబా అని అడిగాడు. నా ముఖం చూడలేదు, గోడ చూస్తూనే అడిగాడు. "నవంబరులో మా ఇంటి వెనక మధ్యాహ్నం మూడింటికి ఇలా ఉంటుంది. దీపం పెట్టాలా వద్దా అని అమ్మ ఆలోచించే టైము" అన్నాను. అతను ప్రొజెక్టరు ఆపేసి, మర్నాడు వెళ్లి, మార్చేది లేదు, కావాలంటే నన్ను తీసెయ్యండి అన్నాడు. తీసెయ్యలేదు, వేరేవాణ్ణి వెతకడానికి టైము లేక. ఆ సినిమా వచ్చాక రెండేళ్లలో అందరూ ఫిల్ముకి పాలు పోశారు. ఎవరెవరో తీసిన సినిమాల్లో నాకు మా స్నానాల గది కనిపించేది.

ఆ తర్వాత ఎన్నేళ్లు గడిచాయో తలుచుకుంటే చేతులు బరువెక్కుతాయి. ఇల్లు కొన్నాం, నిమ్మచెట్టు నాటాం, అతను ఆర్నెల్లకి ఒకసారి కనిపించేవాడు, వచ్చి రెండు రోజులు పడుకునేవాడు, లేచి గదుల్లో దీపాలు మార్చేవాడు. నా వంటింట్లో బల్బు నేను ఎంచుకున్నది కాదు. కుర్రాళ్లు వచ్చేవాళ్లు, వాళ్లకి ఇదే సూపు పోశాను, కిటికీలోంచి నా గిన్నె మీద పడే ఎండ గురించి వాళ్లు నోట్‌బుక్కుల్లో రాసుకునేవాళ్లు, గిన్నెలో ఏముందో అడిగినవాడు ఒకడో ఇద్దరో. తర్వాత ఆ కుర్రాళ్లకే జుట్టు నెరిసింది, ఫోన్లు తగ్గాయి, ఆఖరి మూడేళ్లు కుక్కల బిస్కెట్ల ప్రకటనలు తీశాడు, కుక్క వెంట్రుకల్లో వెలుతురు బాగుంటుంది అనేవాడు, ఆ మాట నమ్మి అనేవాడు. ఒక క్రిస్మస్ విందులో ల్యాబ్ మనిషొకడు పళ్లెంతో నా ముందు ఆగిపోయి, మిమ్మల్ని ఎక్కడో చూశాను అన్నాడు, ఎక్కడో కాదు, రోజూ చూస్తాను, పదేళ్లుగా పొద్దున్నే మొట్టమొదట మీ ముఖమే చూస్తాను అన్నాడు. అతని భార్య అతని మోచెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఓటా తీసిన సినిమాలు కోట్లమంది చూశారు, వాటి ముందున్న నాలుగు సెకన్లు చూసింది చీకటిగదుల్లో పనిచేసే ఇరవై ముప్ఫైమంది. నాకు అదే బాగుండేది. వాళ్లు నా ముఖాన్నిబట్టి గుర్రాలూ మంచూ ఇంకొకళ్ల ముఖాలూ సరిచేసుకునేవాళ్లు. పని అయ్యాక కత్తిరించి పక్కన పెట్టేవాళ్లు.

మూత తీశాను. అణగలేదు. పళ్లెంలోకి తీసి, కిందనుంచి దారం పోనిచ్చి, పైన ముడేసినట్టు లాగితే ముక్క తెగింది. ఇంకోటి. ఇంకోటి. ముక్కలు కూడా తెలుపే. కారు ఆగిన చప్పుడు, రెండు కార్లు. యిత్కా అనుకున్నట్టే ఆవిరి సంగతి ఎత్తింది, కిటికీ తెరిచింది, నా బుగ్గ ముద్దుపెట్టుకుని, ఏమైంది మీ ఇద్దరికీ, నాన్న పెరట్లో ఒక్కడే కూర్చుని గుడ్డుతో ఆడుకుంటున్నాడు అంది. టేబుల్ క్లాత్ బాగాలేదన్నాడు అన్నాను. "ఇదా? అమ్మమ్మది కదూ. పాలలా ఉంది. నాన్నకి పొద్దుపోవట్లేదు" అంది. లొరేన్ పూలు తెచ్చింది, కాగితం కవర్లో ఉంది. కవరు చూసి నేను పూలు అందుకోవడం మర్చిపోయాను. గుమ్మంలో ఒక క్షణం ఆమె నా కళ్లలోకి చూసింది, నడవలో చూసినట్టే. ఈసారి నేను తల దించుకోలేదు, కానీ ఏమీ చెప్పలేదు కూడా. చెప్పాలి. సూపు పోసే లోపల చెప్పాలి. ఓటా చేతులు కడుక్కుని వచ్చాడు, గడ్డం కింద తడి ఉంది, ముఖం కూడా కడుక్కున్నాడు, కళ్లు రుద్దుకున్నట్టున్నాడు, ఎర్రగా ఉన్నాయి. ఉప్పు సీసా బల్ల మధ్యలో పెట్టాడు. అతని చోట అతను కూర్చున్నాడు. లొరేన్ కవరు అతని పళ్లెం పక్కన పెట్టి, పైన కలం పెట్టింది.

సూపు పోశాను. అందరికీ పోసి, నాకు పోసుకునేసరికి గరిటె అంచునుంచి చుక్క గుడ్డ మీద పడింది, గుండ్రంగా, నిజంగా పసుపుగా. నూడుల్స్ ఇంట్లో చేసినవేనా అని లొరేన్ అడిగింది. మా అమ్మ కొన్నవి తిననివ్వదు అని యిత్కా చెప్పింది. ఓటా చెంచా ముట్టుకోలేదు. ఉప్పు ఇటివ్వు అన్నాడు. చప్పగా ఉందా అన్నాను, రుచి చూడకుండా ఉప్పు అడిగితే ఏ ఆడదానికైనా ఒళ్లు మండుతుంది. అతను సీసా తీసి చిటికెడు తీసుకున్నాడు, కానీ సూపులో వెయ్యలేదు. పళ్లెం పక్కన గుడ్డ మీద వేశాడు, కలానికి కొంచెం ఇవతల. ఒంగి చూశాడు. బల్ల దగ్గర అందరం చెంచాలు ఆపేశాం.

"లొరేన్, ఇక్కడ ఉప్పు వేశాను. కనిపిస్తోందా?"

లొరేన్ కళ్లజోడు సర్దుకుని మెడ చాపింది. "అంతగా కనిపించట్లేదు, ఓటో. తెలుపు మీద తెలుపు కదా."

"నాకూ కనిపించట్లేదు. పసుపు మీద పసుపు." వేలితో ఆ ఉప్పు మీద ఒక చిన్న గీత గీశాడు. "గుడ్డు పసుపుగా ఉంది. కాగితం పసుపుగా ఉంది. అవైనా పాతబడతాయి అనుకోవచ్చు. ఉప్పు పాతబడదు. ఆ మాత్రం నాకు తెలుసు."

యిత్కా ఏదో అనబోతే నేను బల్ల కింద ఆమె మోకాలు నొక్కాను. అతను కవరు మీంచి కలం తీసి పక్కన పెట్టి, కవర్ని లొరేన్ వైపు జరిపాడు. మంగళవారం ఇవ్వాలి అని లొరేన్ మెల్లగా అంది. ఆమెకి సంతోషంగా ఉందో భయంగా ఉందో చెప్పలేను, గమ్ నమలడం ఆపేసింది. రేపు ఒక్కరోజు ఉందిగా అన్నాడు ఓటా. మొదటి రీలు మొదట్లో లీబా ముఖం పెట్టు, నేను వద్దన్నాను, అక్కడే తప్పాను. ఆమె భుజాల మీద ఉన్నది ఇదే గుడ్డ. అది తెల్లబడేదాకా తిప్పు, మిగతాదంతా దాని వెనకే వస్తుంది. లొరేన్ తల ఊపి, ఎంతో మర్యాదగా అడిగింది, తెల్లబడిందని ఎవరు చెప్తారు, నేను చెప్పకూడదు, కెమెరామన్ చెప్పాలి.

ఓటా ఉప్పునే చూశాడు. తర్వాత తల ఎత్తి, గోడ వైపు కాదు, నా వైపు తిరిగాడు. శుక్లం పట్టిన కళ్లు, లోపల ఎక్కడో గోధుమరంగు, వాటిలో నేను ఏ రంగులో ఉన్నానో.

"నీకెలా కనిపిస్తోంది, లీబా?"

ఈ మాట వినక ముప్ఫై ఏడేళ్లైంది. నాకు ఏడుపు రాలేదు, అలసట వచ్చింది, మెట్లు ఎక్కి ఎక్కి పైకి వచ్చాక వచ్చేలాంటిది. అమ్మ కుట్టిన ఎర్ర అక్షరాల మీద చెయ్యి పెట్టాను. ఎరుపు ఎరుపుగానే ఉంది, తెలుపు తెలుపుగానే ఉంది.

"తెల్లగా ఉంది. పొద్దున్న చెప్పిందే" అన్నాను. "లొరేన్, రేపు తొమ్మిదింటికి నేను వస్తాను, ఈ గుడ్డ ఉతికి తెస్తాను, పక్కన పెట్టుకుని చూద్దాం. కాగితం మీద నా పేరు కూడా రాయించు, తప్పైతే నా మీదే ఉండాలి. ఓటా వెనక సోఫాలో కూర్చుంటాడు. మధ్యలో మాట్లాడడు."